గ్లాసులో విరిగిన జింకు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరైనా ఏం పని చేస్తావమ్మా అని అడిగితే "తెల్ల పొడులు చూస్తాను" అని చెప్పేదాన్ని. అందులో అబద్ధం లేదు. మిర్యాలగూడలో ఎరువుల నమూనాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో నా కాలమంతా గడిచింది. సంచిలో వచ్చిన ప్రతిదీ తెల్లగానే ఉండేది. యూరియా తెల్లన, జింకు తెల్లన, మెగ్నీషియం తెల్లన, వాటిలో కలిపి అమ్మే ఉప్పూ తెల్లన. చివరికి నా తల కూడా తెల్లబడిందని మా ఆయన గుర్తు చేసేసరికి రిటైర్మెంటు వచ్చి పడింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్ అంటారు. నకిలీ ఎరువుల ముఠా గురించో, లారీని వెంటాడి పట్టుకున్న సంగతో చెబుతానని వాళ్ల ఆశ. ఆ భాగ్యం నాకు కలగలేదు నాయనా. నేను చెప్పగలిగిన కేసులో సరుకు అసలుది, దుకాణదారు నిజాయితీపరుడు, పరీక్ష సరైనది, రైతులు శ్రద్ధగలవాళ్లు. అందరూ సరిగ్గా ఉన్నారు, పొలాలు మాత్రం ఎర్రబడ్డాయి.

ముందు జింకు గురించి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే మిగతాది పిచ్చివాళ్ల కథలా ఉంటుంది. జింకు లోహంగా ఉన్నప్పుడు ఇంటి రేకు మీద పూతగా, టార్చిలైటు సెల్లుకు డబ్బాగా పడి ఉంటుంది. లవణంగా మారి నీళ్లలో కరిగిందంటే మాత్రం తన రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి, రెండు ధనావేశాలతో తిరుగుతుంది. ఎప్పుడు చూసినా రెండే. ఇనుము ఒకచోట రెండంటుంది, ఇంకోచోట మూడంటుంది. రాగి కూడా అంతే, ఒకటో రెండో తేల్చి చెప్పదు. మా ఆఫీసుకు వచ్చిపోయేవాటిలో మాట మార్చనిది జింకు ఒక్కటే అని నేను అంటుంటే పైవాళ్లకు కోపం వచ్చేది.

వరి వేరు తాగేది ఈ రెండు ఆవేశాల జింకునే, అదీ నీళ్లలో విడిగా తిరుగుతుంటేనే. అది అందకపోతే నాటు వేసిన కొన్ని వారాలకే ఆకు మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. దుబ్బు కట్టదు. ఆకు పెళుసుబారి, వేళ్ల మధ్య పెట్టి వంచితే పటుక్కుమని విరుగుతుంది. ఆ చప్పుడు విన్న రైతుకు ఆ పూట అన్నం సయించదు.

ఒక ఏడాది యాసంగిలో పాలకీడు వైపు నకిలీ జింకు వచ్చింది. జింకు సల్ఫేటు పేరుతో మెగ్నీషియం సల్ఫేటు అమ్మారు. రెండూ పక్కపక్కన పోస్తే ఏది ఏదో నేను కూడా కళ్లతో చెప్పలేను. రైతులు నిలువునా మోసపోయారు. అప్పుడు రంగంలోకి దిగాడు మా పెద్దసారు. ఆయన సూర్యాపేటలో కూర్చునే అధికారి. మనిషి మంచివాడే, లంచం ముట్టడు, అర్జీ పట్టుకొచ్చిన వాణ్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు. మైకు కనబడితే మాత్రం ఆగలేడు.

పెద్దసారు ఒక తువ్వాలలో రెండు గాజు గ్లాసులు చుట్టుకుని ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. ఒక గ్లాసులో డీఏపీ ఎరువు కరిగించిన నీళ్లు, ఇంకో గ్లాసులో జింకు నీళ్లు. ఒకదాన్ని తీసి ఇంకోదాంట్లో పోస్తాడు. అసలు జింకైతే విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా పేరుకుంటుంది. నకిలీదైతే నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. పరీక్షలో తప్పేం లేదు, మా పుస్తకాల్లో ఉన్నదే. డీఏపీలోని ఫాస్ఫేటు జింకును గట్టిగా పట్టేసుకుంటుంది, రెండూ కలిసి కరగని తెల్ల ముద్దై అడుక్కు దిగుతాయి. మెగ్నీషియంతో ఆ ముద్ద కట్టదు.

పాలకీడులో మొదటిసారి చేసినప్పుడు గ్లాసులు పట్టుకున్నది నేనే. ముద్ద కట్టగానే జనం చప్పట్లు కొట్టారు. నాకూ గర్వంగానే అనిపించింది. ఎన్నో ఏళ్లుగా ల్యాబులో నేను చేస్తున్న పనికి ఒక్కరు చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

ఆ తర్వాత ఆ పరీక్ష చేరని ఊరు లేదు. చిలుకూరు దాకా, కోదాడ దాకా పాకింది. ఎరువుల దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన రెండేసి గాజు గ్లాసులు వెలిశాయి. బంగారాన్ని గీటురాయి మీద గీయించినట్టు, జింకును గ్లాసులో విరగ్గొట్టనిదే సంచి ఎత్తేవాళ్లు కాదు. కోదాడలో తాతల నాటి నుంచి ధాన్యం వ్యాపారం చేస్తున్న ఒకాయన కొత్తగా ఎరువులు అమ్మడం మొదలుపెట్టాడు. నమూనాల కోసం నేను వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మా జింకు గ్లాసు బోర్లించినా కారదండి మేడమ్ గారూ" అన్నాడు. అని ఊరుకోకుండా బోర్లించాడు. కారింది. ఆయన తెల్ల చొక్కా మీదే కారింది. తుడుచుకుంటూ ఇది పొద్దున కలిపిందని, కాస్త పలచబడిందని సర్ది చెప్పుకొన్నాడు.

ఆయన సరుకు అసలుదే. నకిలీ వచ్చిన మరుసటి ఏడాది మా ల్యాబుకు చేరిన జింకు సంచులన్నీ అసలువే. నకిలీవాళ్లు మా జిల్లా వదిలి పారిపోయారు. మేం సంబరపడ్డాం.

మాకు తెలియంది ఏమిటంటే, పాలకీడులో ఒక పెద్దమనిషికి మంచి అనుమానం ఒకటి వచ్చింది. గ్లాసులో వేసిన చిటికెడు అసలుదని తేలింది, సంచిలో తక్కినదాని సంగతేమిటి? అడిగితే ఎవరైనా తల ఊపాల్సిందే, అంత న్యాయంగా ఉంది. అందుకని సంచి మొత్తం పరీక్ష చేయాలని తీర్మానించారు. గ్లాసు చాలదు కాబట్టి పొలం గట్టు మీదికి ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చారు. మడికి వేయాల్సిన డీఏపీ అంతా అందులో కరిగించి, మడికి వేయాల్సిన జింకంతా కుమ్మరించి, కట్టెతో తిప్పారు. డ్రమ్ము నిండా తెల్లగా పేరుకుంది. సంచి మొత్తం అసలుదేనని రుజువైంది. ఆ ముద్దను చెంబులతో ముంచి, నీళ్లు పారే మడవ దగ్గర పోసి, నిశ్చింతగా ఇంటికి వెళ్లారు.

చూస్తుండగానే అదొక ఆచారమైంది. డ్రమ్ము కలిపే రోజు పక్క మడుల వాళ్లు వచ్చి నిలబడి చూడాలి. కొబ్బరికాయ కొట్టాలి. ముద్దకు "జింకు పెరుగు" అని పేరు పెట్టారు. ఎవరి డ్రమ్ము గట్టిగా పేరితే వాళ్లకు ఊళ్లో పరువు. ఒకాయన పెరుగులో కట్టె నిలబెడితే పడలేదని ఊరంతా చెప్పుకున్నారు. పలచగా పేరినవాళ్లను జనం జాలిగా పలకరించేవాళ్లు.

శివరాత్రికి కొంచెం ముందు ఒక పొద్దున నాకు ఫోన్ వచ్చింది. మా ల్యాబు తలుపు మీద నా నంబరు రాసి ఉండేది, అందుకని ఎవరెవరో చేస్తుండేవాళ్లు. అవతల ఆడగొంతు. పేరు లేదు, ఊరు లేదు.

"మేడమ్, జర ఇనుండ్రి" అంది.

పటుక్ పటుక్ మని వినబడింది. సిగ్నల్ సరిగా లేదేమో అనుకుని నేను హలో హలో అన్నాను. మళ్లీ పటుక్ మంది. "ఇనబడ్డదా? నా వరి" అని ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నానికల్లా మనిషే వచ్చేసింది.

పాలకీడు దగ్గర కౌలుకు చేసే మనిషి. భర్త కోత మిషన్ నడుపుతూ సీజనంతా ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు, పొలం పని ఆమెదే. ఒక చేతిలో ఎర్రబడ్డ వరి దుబ్బు, ఇంకో చేతిలో స్టీలు టిఫిను ఉన్నాయి. మా ల్యాబులో నా పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దాయనకు ఎవరి టిఫిను కనబడినా చొరవ ఎక్కువ. మూత తీసి, తెల్లగా కనబడగానే పెరుగన్నం అనుకుని స్పూను వెతుక్కున్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అది ఆమె మడిలో పోసిన జింకు పెరుగు.

డ్రమ్ముల ఆచారం గురించి నేను విన్నది ఆరోజే.  నా మడికి ఒక్కసారి కాదు, రెండుసార్లు పోసినానని, రెండోసారి ఇంకా గట్టిగా పేరిందని చెప్పింది. ముద్దలో కొంచెం తీసి ఆమ్లం వేసి కరిగించి చూశాను. జింకు నిండుగా ఉంది. ఆ మాటే చెప్పాను.

"ఉన్నదని నాకు ఎర్కనే మేడమ్. గా ముచ్చట నా వరికెందుకు ఎర్క లేదు?"

దీనికి మించిన ప్రశ్న నన్ను ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా ఎవరూ అడగలేదు. జింకు పొలంలోనే ఉందని, కాని ఫాస్ఫేటు దాన్ని పట్టుకుని గడ్డ కట్టించిందని, వేరుకు కావాల్సింది నీళ్లలో విడిగా తిరిగే జింకని చెప్పాను. పెట్టెలో నగలు పెట్టి తాళం పారేసుకున్నట్టు అన్నాను. చెయ్యాల్సింది ఒక్కటే. లీటరు నీళ్లకు రెండు గ్రాముల జింకు కలిపి, ఇంకేమీ కలపకుండా, ఆకుల మీద కొట్టాలి. వారం లోపల మళ్లీ ఒకసారి కొట్టాలి. కొత్తాకు పచ్చగా వస్తుంది.

ఆమెకు అర్థమైంది. అయినా కదల్లేదు. అసలు బాధ అప్పుడు చెప్పింది. పొలం ఆసామి సూర్యాపేటలో ఉంటాడు, శివరాత్రి దాటాక మడి చూడ్డానికి వస్తానని కబురు పెట్టాడు. ఆ మడి మీద కన్నేసిన ఇంకొకాయన ఇప్పటికే ఆసామి ఇంట్లో చాయలు తాగి వస్తున్నాడు. మడి ఎర్రగా ఉంటే వచ్చే వానాకాలం కౌలు ఆమె చేతుల్లోంచి పోతుంది. పోనీ ఒంటరిగా జింకు నీళ్లు కొడదామంటే, విరగ్గొట్టని జింకు వాడిందని, పరీక్షకు భయపడి నకిలీది కొట్టిందని ఊళ్లో అంటారు. ఆ మాట చాయతో పాటు ఆసామికి అందుతుంది.

"మడి పోతే నాకు ఇంకెవ్వలిస్తరు మేడమ్? ఊరంత సూస్తుండంగ కొట్టాలె. ఊరంత ఒప్పుకోవాలె" అంది.

మరునాడే సూర్యాపేట పోయి పెద్దసారు ముందు కూర్చున్నాను. ఆయన టేబుల్ మీద పాలకీడు సభ బ్యానరు పరిచి ఉంది. రెండు గ్లాసుల బొమ్మ, మధ్యలో ఆయన బొమ్మ. నకిలీని తరిమికొట్టినందుకు రైతులు ఆయనకు శాలువా కప్పబోతున్నారు. నేను చెప్పిందంతా విన్నాడు. ఎర్రబడ్డ దుబ్బును తిప్పి తిప్పి చూశాడు. ఆకు వంచాడు, పటుక్కుమంది. ఉలిక్కిపడి టేబుల్ మీద పెట్టేశాడు.

"జింకు విరిగిందా?" అన్నాడు. విరిగిందన్నాను. "విరిగితే అసలుదే కదా, ఇంక బాధేంది?" అన్నాడు. బాధ అదే సార్ అన్నాను. కాసేపు ఆలోచించి చలి వల్లే అయి ఉంటుందన్నాడు. ఇంకాసేపు ఆలోచించి డీఏపీ నకిలీదేమో, ఆమె సంచులు కొన్న కోదాడ దుకాణం లైసెన్సు ఆపి నమూనాలు తీయమన్నాడు. నాకు కోపం వచ్చింది. మీ పరీక్ష మంచిదే, దాన్ని గ్లాసులోనే ఉంచమని చెప్పండి, అంతే చాలు అన్నాను. సభలో మాట్లాడు, కాని నా పరీక్షను ఏమీ అనొద్దు అన్నాడు. ఆ షరతు మీద ఒప్పుకున్నాను.

సభ ఆమె మడి గట్టు మీదే పెట్టించారు. ఆమే పట్టుబట్టి పెట్టించింది. షామియానా, మైకు, కుర్చీలు, బల్ల మీద బంతిపూలు చుట్టిన రెండు గ్లాసులు. పక్కనే పేరిన డ్రమ్ము. మడి మాత్రం తుప్పు పట్టిన రేకులా ఎర్రగా ఉంది. చాయలు తాగే ఆయన ముందు వరుసలోనే కూర్చున్నాడు. కోదాడ దుకాణదారు కూడా వచ్చాడు. తన లైసెన్సు ఏమవుతుందోనన్న భయంతో చెమట తుడుచుకుంటూ ఒక మూల నిలబడ్డాడు.

నేను మైకు తీసుకుని మొదలుపెట్టాను. జింకుకు రెండు ధనావేశాలు, ఫాస్ఫేటుకు మూడు రుణావేశాలు, మూడు జింకులు రెండు ఫాస్ఫేట్లు కలిస్తే లెక్క సరిపోతుంది, ఇంక విడిపోవు అని చేతులు తిప్పుతూ చెప్పాను. వెనక వరుసలో ఒకాయన గురక పెట్టాడు. ముందు వరుసలోని చాయలాయన, "అంటే జింకు అసలుదేనంటవు గదమ్మా" అన్నాడు. అవునన్నాను. జనం చప్పట్లు కొట్టి నన్ను కూర్చోమన్నారు.

నేను కూర్చోలేదు. డ్రమ్ములో పైన తేరిన నీళ్లను వడగట్టి, అందులో జింకు మిగల్లేదని చూపిద్దామనుకున్నాను. గరాటు పెట్టి వడపోత కాగితం మడిచాను. ఊరి పెద్దమనిషి, మొదట అనుమానం వచ్చిన ఆయనే, ఒప్పుకోలేదు. జింకును ఆ కాగితమే తాగేస్తదని వాదించాడు. శుభ్రమైన బట్ట కావాలన్నాడు. అందరి తువ్వాలలూ పొలం తువ్వాలలే. అప్పుడు మా కౌలు మనిషి బల్ల దగ్గరికి పోయి, పళ్లెంలో మడతపెట్టి ఉన్న పెద్దసారు శాలువా తీసింది. "గిది కొత్తది" అంది.

పెద్దసారు అడ్డం రాబోయాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. శాలువాను నాలుగు మడతలు వేసి బకెట్ మీద పరిచాం. ఇద్దరు అంచులు పట్టుకున్నారు, నేను చెంబుతో పోశాను. మొదట తెల్లగా దిగింది, మళ్లీ పోశాం. మళ్లీ కొంచెం మసకగా దిగింది, మళ్లీ పోశాం. సభంతా శాలువా కింద చుక్కల వైపు చూస్తూ కూర్చుంది. జీవితంలో నా వడపోతను ఇంతమంది చూడటం అదే మొదలు, అదే చివర. ఆఖరికి నీళ్లు తేటగా దిగాయి.

ఆ తేట నీళ్లు పెద్దసారు గ్లాసులోనే పోసి, ఆయన చేతే డీఏపీ నీళ్లు కలిపించాను. విరగలేదు. గ్లాసు ఎత్తి అటూ ఇటూ చూపించాడు. నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి.

నా లెక్క ప్రకారం ఇప్పుడు వాళ్లకు అర్థం కావాలి, జింకంతా ముద్దలో ఇరుక్కుందని, నీళ్లలో ఏమీ మిగల్లేదని. పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. ముఖం మాడిపోయి ఉంది.

"గిది నకిలీ" అన్నాడు.

ఊరంతా అదే మాట అంది. మాకు నేర్పిన పరీక్ష ప్రకారం విరగనిది నకిలీ, కాబట్టి మడిలో పారుతున్నవి నకిలీ నీళ్లు. కోదాడ దుకాణదారు షామియానా గుంజ వెనక్కి పోయాడు. నలుగురు లేచి అటు కదిలారు. నేను మైకులో గొంతు చించుకుంటున్నాను, జింకు అసలుదే, సంచిలో ఉన్నప్పుడు అసలుదే అని. ఆ మాట ఎక్కడ తగిలిందో, పెద్దమనిషి చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. ఆలోచించాడు. మెల్లగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అడిగాడు.

"సంచిల అసలుదే. డ్రమ్ముల వడ్డంక నకిలీదైంది. అంటే డీఏపీ గలిస్తె అసలు జింకు నకిలీ అయితది. గంతేనా?"

పిల్లలూ, ఆ క్షణంలో నేను చదివిన రసాయన శాస్త్రమంతా నన్ను చూసి తల బాదుకుంది. జింకు నకిలీ కావడమేమిటి? దాని ఆవేశం రెండే, ముద్దలో ఉన్నా రెండే, నీళ్లలో ఉన్నా రెండే. ఎక్కడా మాట మార్చని జింకు మీద ఇంత నింద. నేను మడి వైపు చూశాను. గట్టు మీద ఆ మనిషి కొంగు నోట్లో కుక్కుకుని నా వైపే చూస్తోంది.

"గంతే" అన్నాను మైకులో.

సభంతా ఒక్క నిట్టూర్పు విడిచింది. అంతసేపూ నేను చేతులు తిప్పి చెప్పలేనిది ఆ ఒక్క మాటతో ఊరంతటికీ ఎక్కింది. ఇప్పుడు జింకును ఒంటరిగా, లీటరుకు రెండు గ్రాములు కలిపి, ఆకు మీద కొట్టాలన్నాను. అందరూ ఒప్పుకున్నారు. మొదట ఆమె మడిలోనే కొట్టాలన్నారు. చాయలాయన కూడా తల ఊపక తప్పలేదు.

ఆమె కడిగిన కొత్త డ్రమ్ములో జింకు నీళ్లు కలిపింది. పంపు భుజాన వేసుకోబోతుండగా పెద్దసారు బల్ల మీది సంచిలోంచి గుప్పెడు డీఏపీ తీసుకుని డ్రమ్ము వైపు నడిచాడు. ఆయన బాధ ఆయనది. ఊరంతా చూస్తుండగా తన పరీక్షలో అసలు జింకు విరగకుండా పోయిన రోజది. పోయే ముందు ఒక్కసారి దాన్ని విరగ్గొట్టి చూపాలి. "కొట్టే ముందు ఇది అసలుదేనని ఒకసారి..." అంటూ చెయ్యి చాపాడు.

ఆ మనిషి డ్రమ్ము మీద మూత బిగించి, దాని మీదెక్కి కూర్చుంది.

"సారు, మీరు పెద్దోరు. మీరంటె మాకు మర్యాద. జర దూరం జరుగుండ్రి" అంది.

ఆయన జరగలేదు. ఆమె దిగలేదు. ఆయన గుప్పిట్లో డీఏపీ చెమటకు కరగడం మొదలై వేళ్ల సందుల్లోంచి కారింది. మైకు ఆపడం ఎవరూ మరిచిపోలేదు గానీ, ఆపలేదు. అందుకని ఆయన గొణుగుడంతా పొలాల మీదుగా వినబడింది. ఒక గ్లాసులో చిటికెడు, ఒక గ్లాసులోనే, అని బతిమాలాడు. చివరికి నేను ఆమెను దింపి, డ్రమ్ములోంచి గ్లాసెడు నీళ్లు తీసి, మూత మళ్లీ బిగించి, దూరంగా తీసుకుపోయి, ఆయన చేతికిచ్చాను. గుప్పెడు డీఏపీ అందులో జారవిడిచాడు. పెరుగులా పేరింది. ఆయన ముఖం వెలిగింది. ఆ గ్లాసును ఊరంతా చూసి తృప్తిపడి, పారబోయించింది.

అప్పుడు మైకు పట్టుకుని మా పెద్దసారు ఇచ్చిన ఉపన్యాసం నేను మరిచిపోలేను. పరీక్ష గ్లాసులోనే చేయాలని, డ్రమ్ములో చేయకూడదని తాను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. తడి శాలువా, మధ్యలో పెద్ద తెల్ల మరక. కప్పించుకుని, నీళ్లు కారుతుండగానే ఫొటో దిగాడు. అబద్ధమెందుకు, ఆ ఫొటో చూస్తే నాకు ఆయన మీద ప్రేమే కలుగుతుంది.

తర్వాత సంగతులు అడక్కండి. డీఏపీ తగిలితే జింకు నకిలీ అవుతుందన్న మాట ఎంత దూరం పోయిందంటే, పాలకీడులో రెంటినీ ఒకే ఆటోలో ఎక్కనివ్వడం మానేశారు. ఒకే కొట్టంలో పెట్టరు. కోదాడ దుకాణదారు లైసెన్సు నిలబడింది గానీ, పాపం, పక్క షట్టరు కిరాయికి తీసుకుని జింకును అందులో కూర్చోబెట్టాల్సి వచ్చింది. "డీఏపీ తూచిన చేత్తో జింకు తూస్తే కొనట్లేదండి మేడమ్ గారూ, మా బామ్మర్దిని పిలిపించానండి" అని వాపోయాడు. పొడిగా, సంచుల్లో ఉంటే ఏమీ కాదని ఒకట్రెండు ఊళ్లలో చెప్పి చూశాను. ఆపైన నోరు మూసుకున్నాను. వేరువేరుగా ఉంచడం వల్ల చచ్చిన వరి ఎక్కడా లేదు.

శివరాత్రి వెళ్లింది. రెండోసారి కూడా పంపు కొట్టిందని నాకు తెలుసు, ఫలితం తెలియదు. రోజూ ఫోన్ వైపు చూస్తూ ఉండేదాన్ని. నేను చెప్పిన రెండు గ్రాముల మాట మీద ఒక మనిషి బతుకు నిలబడి ఉందంటే తిండి ఎలా సయిస్తుంది? మా పక్క బల్ల పెద్దాయన నా టిఫిను కూడా తనే తినేసేవాడు.

ఒక పొద్దున ఫోన్ మోగింది. పేరు లేదు, ఊరు లేదు.

"మేడమ్, జర ఇనుండ్రి."

చెవికి గట్టిగా అదిమి పట్టుకున్నాను. గాలి వినబడింది. మడవలో నీళ్లు పారుతున్నాయి. ఎక్కడో దూరంగా ఒక మగగొంతు, ఏ రకం వేసినవని ఎవర్నో అడుగుతోంది. ఇంకా ఆగాను. ఏమీ లేదు. ఫోన్ ఇంకో చెవికి మార్చాను.

"ఏం వినబడతలేదమ్మా" అన్నాను.

"కొత్తాకు వంచుతున్న మేడమ్. మొత్తం మడిచిన" అంది. గొంతు తగ్గించింది. "ఆసామి గూడ గిప్పుడే గట్టు మీద నిలవడి వంచి సూసిండు. చెవి కాడ వెట్టుకోని సూసిండు. ఆయనకు గూడ ఏం ఇనబడలే. వానాకాలం నారు ఎప్పుడు పోస్తవని అడుగుతుండు."